మేడ మీద 4జీ రౌటర్: మూడు వానాకాలాలు గడిచాక

మా ఊరు పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో ఉంది. ఒడిశా, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండ దిగి వచ్చే సవరలతో రెండూ కలిపి వండిన మూడోది. రోడ్డు పక్కన నాకో చిన్న దుకాణం ఉంది. జెరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు, ఆధార్‌తో ముడిపడ్డ సమస్త దరఖాస్తులు. నెట్ పోతే ఆ దుకాణంలో నేనూ ఒక ఫ్యానూ మిగులుతాం. ఫైబర్ ఇంకా మా వీధి మొహం చూడలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో రెండేళ్లు ఈడ్చి, 2022 మే నెలలో మేడ మీద గొట్టానికి బిగించే 4జీ రౌటర్ ఒకటి తెప్పించాను. ఎనిమిదిన్నర వేలు. మూడు వానాకాలాలు తడిసి, మూడు ఎండాకాలాలు మాడి, ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఊరికే పనిచెయ్యలేదు, అదే చెబుదామని.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో పోసిన తెల్ల డబ్బాలు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి, మెనూలు కూడా అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పైగా నేను పడ్డ తిప్పల్లో సగం స్వయంకృతం.

పెట్టెలో డబ్బా, రెండు స్టీలు క్లాంపులు, ఒక పీఓఈ ఇంజెక్టర్, మడతపెట్టిన కాగితం ఒకటి వచ్చాయి. పీఓఈ అంటే నెట్ తీగలోంచే కరెంటు కూడా పైకి వెళ్లే ఏర్పాటు. మేడ మీద విడిగా ప్లగ్గు అక్కర్లేదు. ఇంజెక్టర్‌కి రెండు నోళ్లుంటాయి, ఒకటి పైకెళ్లే తీగకి, రెండోది కింద దుకాణంలో ఉన్న మామూలు వైఫై రౌటర్‌కి. నేను తారుమారు చేశాను. 24 వోల్టులు నేరుగా కింది రౌటర్ కడుపులోకి వెళ్లి దాని పోర్టు ఒకటి మాడింది. మొదటి రోజు మొదటి పది నిమిషాల్లో. ఇంజెక్టర్ మీద అక్షరాలు నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే పోసి ఉంటాయి, టార్చి వేసుకుని చదవండి. తర్వాత పైదీ కిందదీ రెండూ తమ చిరునామా 192.168.1.1 అనే చెప్పుకోవడంతో ఇంకో పూట పోయింది. పైదాన్ని 192.168.8.1కి మార్చాక తగువు తీరింది.

అసలు కథ సరిహద్దుది. మా మేడ ఎక్కితే తూర్పున ఒడిశా టవరు, మూడున్నర కిలోమీటర్లుంటుంది, మధ్యలో జీడితోటా ఒక గుట్టా అడ్డం. దక్షిణాన ఆంధ్ర టవరు, ఆరు కిలోమీటర్లు, కానీ మధ్యలో అన్నీ వరి పొలాలే. రెండూ ఒకే కంపెనీవి. సర్కిళ్లు, అంటే టెలికాం లెక్కల్లో రాష్ట్రాల హద్దులు, మాత్రం వేరు.

మొదటి వారంలోనే మొదలైంది. రౌటర్ మీద సిగ్నల్ లైట్లు నాలుగూ వెలుగుతుంటాయి, నెట్ మాత్రం చుక్క ఉండదు. ఒక గంట అలా ఉండి దానంతటదే వచ్చేస్తుంది. మధ్యాహ్నం ఒక ముసలమ్మ ఎదురుగా కూర్చుని ఏడోసారి వేలిముద్ర పెడుతోంది. “బాబూ, ఏలు అరిగిపోతంది. అయిందా, నేదా?” అంది. ఏం చెప్పను? సిమ్ తీసి పెట్టాను, ఏపీఎన్ (సిమ్ కంపెనీ ద్వారా నెట్‌లోకి వెళ్లే దారి పేరు) తిరగరాశాను, రీసెట్ కొట్టాను. రీసెట్ కొట్టిన రెండు నిమిషాలకి నెట్ వచ్చింది, మందు దొరికిందనుకున్నాను. మర్నాడు మళ్లీ పోయింది.

విశాఖలో నెట్‌వర్కింగ్ పని చేసుకునే మా బామ్మర్దికి ఫోన్ చేస్తే, “బావా, లైట్లు చూడకు. స్టేటస్ పేజీలో నెట్‌వర్క్ పేరు పక్కన అంకెలుంటాయి, అవి చదువు” అన్నాడు. ఐదో ఆరో అంకెల కోడ్ అది. మొదటి మూడు దేశానివి, మనకి 404, 405 రెండూ ఉన్నాయి. మిగిలినవి కంపెనీనీ సర్కిల్‌నీ కలిపి చెబుతాయి. నెట్ ఉన్నప్పుడు ఒక కోడ్, లేనప్పుడు ఇంకో కోడ్. అప్పుడు వెలిగింది. నాది ఒడిశా సిమ్. డబ్బా ఎప్పుడైతే పొలాల మీదుగా ఆంధ్ర టవరుని పట్టుకుంటుందో, అప్పుడది రోమింగ్ కిందకి వస్తుంది. డేటా రోమింగ్ అనే మీట డబ్బాలో మొదటినుంచీ ఆఫ్‌లో ఉంది. అందుకే సిగ్నల్ నిండుగా, నెట్ సున్నా. ఫోన్లో రోమింగ్ ఆన్ చేసుకోవాలని మా ఊళ్లో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు, హద్దు ఊళ్ల విద్య అది. రౌటర్‌లోనూ అదే మీట ఉంటుందని నాకు తట్టలేదు. ఆన్ చేశాను. నా ప్యాక్‌లో దానికి విడిగా డబ్బేం పడలేదు.

నెట్ పోవడం ఆగింది, ఇంకో రోగం పట్టుకుంది. డబ్బా రెండు టవర్ల మధ్య గోడ మీద పిల్లిలా తయారైంది. అటు దూకిన ప్రతిసారీ ఐపీ, అంటే నెట్‌లో డబ్బా చిరునామా, మారి, నింపుతున్న ఫారం మధ్యలో పోర్టల్ బయటికి తోసేస్తుంది. ఓటీపీ మళ్లీ మొదటికి.

లైట్లని ఎందుకు నమ్మకూడదో ఇక్కడ నేర్చుకున్నాను. స్టేటస్ పేజీలో చూడాల్సినవి రెండే. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవరు గొంతు ఎంత గట్టిగా వినబడుతోందన్న లెక్క. ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. -85 అయితే హాయి, -110 కన్నా కిందకి జారితే కష్టం. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే ఆ గొంతుతో పోలిస్తే చుట్టూ గోల ఎంత తక్కువుందన్న లెక్క. 20 దగ్గరుంటే పండగ, సున్నా దగ్గరుంటే సిగ్నల్ ఉండీ లేనట్టే. తిరునాళ్లలో రంగులరాట్నం పక్కన నిలబడి అరిచేవాడి మాట కన్నా, తోటలో మెల్లగా మాట్లాడేవాడి మాటే తెలుస్తుంది కదా. మా మేడ మీద ఆంధ్ర టవరు -88, కానీ ఎస్‌ఐఎన్‌ఆర్ రెండో మూడో. పొలాల మీద అడ్డం లేదు కాబట్టి అటువైపున్న టవర్లన్నీ ఒకేసారి వినబడుతున్నాయన్నమాట. ఒడిశాది -101, ఎస్‌ఐఎన్‌ఆర్ 13. గుట్ట చాటున గొంతు తగ్గింది, గోల కూడా తగ్గింది. లైట్ల లెక్కన ఆంధ్రదే గొప్ప. వేగం చూస్తే అక్కడ 7 ఎంబీపీఎస్, ఇక్కడ 22.

ఈ డబ్బాల యాంటెన్నా నలుదిక్కులా సమానంగా చూడదు, ముఖం ఎటుంటే అటే ఎక్కువ వింటుంది. కాబట్టి డబ్బాని తిప్పాలి. మా ఆవిడ కింద ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుంది, నేను పైన క్లాంపు వదులు చేసి వేలెడు వేలెడు తిప్పుతున్నాను. “ఆరు. ఎనిమిది. ఇంకొంచెం తిప్పండి. పదకొండు. ఆగండాగండి, మళ్లీ ఏడైంది.” ఒక్కో తిప్పుకి అర నిమిషం ఆగాలి, పేజీలో అంకె వెంటనే మారదు. ఆ సంగతి తెలిసేసరికి డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయింది. చివరికి 14 వచ్చిన చోట బిగించి, గొట్టం మీద ఆవిడ గోళ్లరంగుతో గీత పెట్టాను. గాలివానకి డబ్బా తిరిగినా ఆ గీత చూసి సరిచేస్తాను. ఇప్పటికి రెండుసార్లు అక్కరకొచ్చింది.

తర్వాత తాళాలు. ఏ బ్యాండ్, అంటే టవరు వాడే ఏ రేడియో తరంగాల వరస, వాడాలో మెనూలో టిక్కు పెట్టొచ్చు. 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 5 దూరం పోతుంది, చెట్లని కొంత దాటుతుంది. 2300ది, అంటే బ్యాండ్ 40, దగ్గర్లో ఉంటే పరుగే, మూడు కిలోమీటర్ల తోట అవతల నీరసం. 1800ది బ్యాండ్ 3, మధ్యస్థం. నేను 3, 5 ఉంచి 40 తీసేశాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఒక్క ఒడిశా టవరుకే కట్టిపడేద్దామని ఆశపడ్డాను. ఆ వసతి మెనూలో లేదు.

“ఏటీ కమాండ్ కొట్టాలి బావా.”

“ఏటి కమాండ్?”

“ఏటీ కమాండే.”

“అదేరా, ఏటి?”

మోడెంతో, అంటే డబ్బాలో టవరుతో మాట్లాడే భాగంతో, నేరుగా మాట్లాడే భాష పేరే ఏటీ అని, ‘ఏమిటి’ని ‘ఏటి’ అనే శ్రీకాకుళం యాసలో పుట్టిన నాకు అర్థమయ్యేసరికి ఫోన్ బిల్లు పెరిగింది. కొట్టాం. పది రోజులు అద్భుతం. పదకొండో రోజు వానకి ఆ టవరుకే కరెంటు పోయింది. తాళం వేసుకుని కూర్చున్న డబ్బా, పక్క టవరు కళ్లెదురుగా ఉన్నా చూడలేదు. ఊళ్లో అందరి ఫోన్లూ నడుస్తున్నాయి, నా దుకాణం ఒక్కటే మూత. ఆ సాయంత్రమే టవరు తాళం పీకేశాను. బ్యాండ్ల తాళం, డబ్బా ముఖం, ఈ రెండిటితోనే గడుస్తోంది. ఎప్పుడైనా ఆంధ్రకి దూకితే దూకనీ, పనైతే ఆగదు.

రెండో వానాకాలం, 2023. రాత్రిళ్లు డబ్బా తనంతట తను ఆగి లేవడం మొదలెట్టింది. లాగ్ (డబ్బా తన పనులు రాసుకునే చిట్టా) తెరిస్తే ప్రతి లేపుడూ 1970 జనవరి 1, ఉదయం 5.30 అని ఉంది. నాకు భయమేసింది, ఏదో వైరస్ అనుకున్నాను. విషయం చాలా చిన్నది. డబ్బాలో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే దాని కాలం సున్నా నుంచి మొదలవుతుంది. కంప్యూటర్ల సున్నా 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీనిచ్ లెక్కన. మన లెక్కకి అది పొద్దున ఐదున్నర. నెట్ దొరికాక అసలు టైము తెచ్చుకుంటుంది. అంటే లాగ్‌లో 1970 కనబడితే డబ్బా మొదలంటా చచ్చి లేచిందని అర్థం, చాలాసార్లు కరెంటు అందకే. సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ నేను వారం పోగొట్టాను, జబ్బేమో తీగలో ఉంది.

కింద ఇంజెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 24. మేడ మీద, డబ్బా నడుస్తుండగా 19 కూడా లేదు. పెద్ద ఫైలు ఎక్కించేటప్పుడు ఇంకా జారుతోంది. నలభై మీటర్ల తీగ, మీటరు పన్నెండు రూపాయలని సంబరపడి కొన్నది. ముక్క కోసి బ్లేడుతో గీశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరిసే అల్యూమినియం. రాగి పూత తీగ అది. కరెంటుని దారిలోనే తినేస్తుంది. దుకాణాల్లో సీసీఏ అంటారు, అడిగితే గానీ చెప్పరు. అసలు రాగిది, ఎండకి పగలని నల్ల తొడుగుది మీటరు ముప్పై ఎనిమిది పెట్టి మార్చాను.

మారుస్తూ డబ్బా అడుగు మూత తీశాను. లోపల చీమలు. సిమ్ అర పక్కన, మోడెం వెచ్చదనానికి, బియ్యపు నూకల్లాంటి తెల్ల గుడ్లు గుట్టగా పోసి కాపురం పెట్టాయి. నెట్ తీగ లోపలికెళ్లే చోట రబ్బరు బిరడా నేనే సగం బిగించి వదిలేశాను. జాక్‌లో ఎనిమిది పిన్నులకి మూడింటి మీద ఆకుపచ్చ చిలుము. బ్రష్షుతో దులిపి, కొత్త జాక్ కొట్టి, బిరడా పూర్తిగా తిప్పి, డబ్బాలోకి వెళ్లే ముందు తీగని కిందకి ఒక మెలిక వదిలాను. వాన నీళ్లు ఆ మెలిక అడుగునే కారిపోతాయి. డబ్బా మీద వాన పడినా ఫరవాలేదని పెట్టె మీద రాసింది నిజమే. మూత మనం వేస్తేనే.

ఇక ఫర్మ్‌వేర్, అంటే డబ్బాని లోపలుండి నడిపే సాఫ్ట్‌వేర్. 2024 సెప్టెంబరు. ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం 17న మొదలవుతుందని చెప్పారు, ఇరవై ఒకటి నుంచి అరవై ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి పదివేలు. దరఖాస్తులు, ఈ-కేవైసీ, పొద్దున ఏడింటికే అరుగు నిండిపోయేది. సరిగ్గా అప్పుడే డబ్బా ఇంకో అలవాటు చేసుకుంది. నాలుగైదు రోజులకోసారి లైట్లు మామూలుగా వెలుగుతూనే మోడెం మొద్దు నిద్ర పోతుంది, ప్లగ్గు పీకి పెడితే లేస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్‌లో పింగ్ వాచ్‌డాగ్ అని ఒకటుంది, బయటి చిరునామాని తట్టి చూస్తూ పలక్కపోతే మోడెంని అదే లేపుతుంది. నాకు కావలసింది అదే. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను.

డబ్బా స్టిక్కర్ మీద వి2, అంటే రెండో తరం, అని ఉంది, వి2 ఫైలే దింపాను. ఫైలు పేరు చివర ప్రాంతం కూడా రాసి ఉంటుంది, అది చూడలేదు. యూరప్‌ది ఎక్కించాను. పైగా ‘పాత సెట్టింగులు ఉంచు’ అన్న దగ్గర టిక్కు వదిలేశాను. డబ్బా లేచింది. బ్యాండ్ల జాబితాలో 5 లేదు. నేను పెట్టిన పాత తాళం మాత్రం లోపల ఉండిపోయింది, దాన్ని తీసే పేజీ తెరిస్తే తెల్లగా ఖాళీ. సర్వీస్ లేదు. పాత ఫైలు ఎక్కించబోతే చెల్లదంది. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో ఉండే వాడుక భాష కోసం అంత పోరాడారు, ఈ మెనూల్లో ఎర్రర్లు రాసేవాళ్లని ఒకసారి ఆయన దగ్గరికి పంపాల్సింది.

మిగిలింది రికవరీ. రీసెట్ బొత్తాం నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే, డబ్బా పాతకాలపు టీఎఫ్‌టీపీ పద్ధతిలో ల్యాప్‌టాప్‌ని ఫైలు అడుగుతుంది. ల్యాప్‌టాప్‌కి అది చెప్పిన ఐపీయే పెట్టాలి, అది అడిగిన పేరే ఫైలుకి పెట్టాలి. బొత్తామేమో మేడ మీద, గొట్టం చివర, మూత లోపల. కరెంటు మీట కింద దుకాణంలో. రాత్రి పదిన్నరకి నేను నిచ్చెన మీద, నోట్లో టార్చి, చేతిలో సేఫ్టీ పిన్ను. కింద మా ఆవిడ ఇంజెక్టర్ దగ్గర. “ఊ, వెయ్యి!” అని నేను అరవడం, పక్కింటి కుక్క అందుకోవడం. మూడుసార్లు చేశాం. డబ్బా ఫైలు తీసుకోలేదు. బామ్మర్ది నిద్రమత్తులో ఫోన్ ఎత్తి ఒకే మాట అన్నాడు: “ఫైర్‌వాల్ ఆపావా బావా?” ఆపలేదు. డబ్బా అడుగుతూనే ఉంది, ల్యాప్‌టాప్ తలుపు తియ్యడం లేదు. ఆపి నాలుగోసారి చేస్తే, ఐదు నిమిషాల తర్వాత పచ్చ లైటు నిలబడింది. నిచ్చెన దిగేసరికి కాళ్లు వణుకుతున్నాయి.

అప్పుడు మన ప్రాంతం ఫైలే వెతికి, దాని చెక్‌సమ్ (ఫైలు చెడకుండా దిగిందో లేదో చెప్పే అంకెల గుర్తు) సరిచూసుకుని, వైఫై మీద కాకుండా తీగతో, ఇన్వర్టర్ మీద నడుస్తుండగా, పాత సెట్టింగుల టిక్కు తీసేసి ఎక్కించాను. సెట్టింగులన్నీ చేత్తో కొట్టుకోవడానికి ముప్పావు గంట. ఏపీఎన్, రోమింగ్, బ్యాండ్లు, 8.1 చిరునామా, అన్నీ ఇప్పుడు లెక్కల పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. లోపలి మోడెంకి విడిగా ఇంకో ఫర్మ్‌వేర్ ఉంటుంది, దాని జోలికి నేను పోలేదు. అది చెడితే నిచ్చెన ఎక్కినా లాభం ఉండదు.

వాచ్‌డాగ్ మాత్రం బంగారం. కాకపోతే మొదట్లో నిమిషానికోసారి తట్టమన్నాను, ఒకే చిరునామాని. టవరు నిజంగానే పడిపోయిన రోజున పొద్దస్తమానం లేస్తూ పడుకుంటూ ఉంది. ఇప్పుడు 8.8.8.8, 1.1.1.1 రెండూ పెట్టాను, ఐదు నిమిషాలకోసారి, వరసగా ఆరుసార్లు పలక్కపోతేనే లేపాలి. అప్పట్నుంచి ప్లగ్గు పీకిన గుర్తు లేదు.

సీసీ కెమెరా బయటినుంచి చూద్దామని కొనేవాళ్లకి ఒక మాట. బయటినుంచి ఇంట్లో పరికరానికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ మెనూ ఉంటుంది, నింపొచ్చు, పనిచెయ్యదు. రౌటర్‌కి వచ్చిన ఐపీలో మొదటి అంకె 10 అయినా, ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా అది కంపెనీ లోపలి చిరునామా, బయటికి కనబడదు. బయటికి కనబడే చిరునామాని కంపెనీ చాలామందికి కలిపి పంచుతుంది. కెమెరా సొంత యాప్ వాడుకోండి. నేను ఈ మెనూతో రెండు రాత్రులు కుస్తీ పట్టాను.

పిడుగుల కాలంలో ఇంజెక్టర్ ఒకటి మాడింది, డబ్బా బతికింది. గొట్టానికి ఎర్త్ వేయించాను, అదనంగా ఒక ఇంజెక్టర్ సొరుగులో ఉంటుంది. పగలు 18 నుంచి 25, రాత్రి ఎనిమిది తర్వాత 6. నా పనికి చాలు. పిల్లలు సినిమాలు చూడాలంటే మాత్రం గొణుగుతారు. ఫైబర్ ఉన్న ఊళ్లో ఎవరైనా దీన్ని కొంటానంటే నేనే వద్దంటాను. మాలాంటి చోట అయితే డబ్బాకి ఎంత పెడతారో అందులో సగం తీగకీ గొట్టానికీ ఎర్త్‌కీ పక్కన పెట్టుకుని దిగండి.

నాలుగు నెలలుగా పేజీ పైమూల ఒక ఎర్రచుక్క వెలుగుతోంది, ఇంకో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందట. మా ఆవిడ మొన్న చూసి, “దాన్ని నొక్కే ముందు నాకు చెప్పండి, ఆ రాత్రికి మా అమ్మావాళ్లింటికి పోతాను” అంది.